సంక్షోభానికి టీమ్‌ని ఎలా తయారు చేయాలి? అరవై పేజీల ప్లాన్ రాయమంటున్నారు

మెట్లకింద_సర్వర్

మాది 80 మంది ఉన్న కంపెనీ, షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. పోయిన నెల ఒక శనివారం సాయంత్రం, షాపుల్లో మంచి రద్దీ వేళ, మొత్తం ఆగిపోయింది. ఆగిపోవడం ఒక ఎత్తు, ఆ తరవాత జరిగింది ఒక ఎత్తు. సీటీఓ (టెక్నాలజీ మొత్తానికి పెద్ద) డేటాబేస్ రీస్టార్ట్ చేయమన్నారు. సేల్స్ హెడ్ నేరుగా ఒక డెవలపర్‌కి ఫోన్ చేసి "ముందు మా పెద్ద కస్టమర్‌ది లేపు" అన్నాడు. సపోర్ట్ వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. పాపం వాళ్లు ఫోన్ చేసిన ప్రతి షాపుకీ "మీ ఇంటర్నెట్ ఒకసారి చెక్ చేసుకోండి" అని చెబుతూ కూర్చున్నారు. వాట్సాప్‌లో అప్పటికప్పుడు మూడు గ్రూపులు పుట్టాయి. మూడింట్లోనూ నేనున్నాను, మూడింట్లోనూ మూడు రకాల కబుర్లు. ఒకడు రీస్టార్ట్ చేస్తుంటే ఇంకొకడు అదే డేటాబేస్ మీదకి బ్యాకప్ ఎక్కిస్తున్నాడు.

ఇప్పుడు ఎండీ గారు నన్ను పిలిచి "క్రైసిస్ ప్లాన్ తయారు చెయ్యి, నెలాఖరుకి కావాలి" అన్నారు. ఎక్కడి నుంచో అరవై పేజీల టెంప్లేట్ కూడా పంపారు. అందులో భూకంపం ఉంది, వరద ఉంది, మహమ్మారి ఉంది, అల్లర్లు ఉన్నాయి. మా శనివారం మాత్రం లేదు. నిజంగా ఒక టీమ్‌ని ఇలాంటి వాటికి తయారు చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి? టెంప్లేట్ లింకులు పెట్టకండి, ఇప్పటికే డెస్క్‌టాప్ నిండిపోయింది.

లెక్కలమాస్టారు

అరవై పేజీలూ నింపి ఇచ్చెయ్ బ్రో. ఆడిటర్ హ్యాపీ, ఎండీ హ్యాపీ. ఎవడూ చదవడు.

సుధ_ఆపరేషన్స్

మాస్టారూ, ఎవడూ చదవడనే కదా ఆయన బాధ.

మీరు రాసిన దాంట్లో టెక్నికల్ సమస్య ఒక్క ముక్క. మిగతాదంతా "ఆ గంటలో ఎవరి మాట చెల్లుతుంది" అన్నదే. మొదలు అక్కడే పెట్టండి. 1970లో కాలిఫోర్నియాలో అడవులు తగలబడినప్పుడు రకరకాల అగ్నిమాపక దళాలు వచ్చాయి. ఒకరి రేడియో ఇంకొకరికి పలకదు, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు, పైన ఎవరో తెలీదు. ఆ అనుభవం నుంచి వాళ్లు ఇన్సిడెంట్ కమాండ్ సిస్టం అని ఒకటి తయారు చేసుకున్నారు. అందులో రెండు సూత్రాలు మనలాంటి ఆఫీసులకి చాలు. సంఘటన ఎంత పెద్దదైనా ఏ క్షణంలోనైనా దాన్ని నడిపేది ఒక్కరే, ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలియాలి. రెండోది, ఒక మనిషి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకానే ఉండాలి, ఐదుగురైతే మంచిది. మీ గ్రూపుల్లో ఒక్కోదాంట్లో ఎంతమంది ఉన్నారు?

మెట్లకింద_సర్వర్

@సుధ_ఆపరేషన్స్ ఒకదాంట్లో 40కి పైనే. హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఉన్నారు, ఎందుకో వాళ్లకీ తెలీదు.

హెచ్‌ఆర్_నేను_కాదు

మమ్మల్ని మీరే యాడ్ చేస్తారు, మళ్లీ మీరే అడుగుతారు.

పాతకాపు

ఒక్కరే నడపాలి అన్నది వినడానికి బాగుంది. మా దగ్గర ఆ ఒక్కరు ఎప్పుడూ ఎండీనే. కాల్‌లోకి దూరి ఐదు నిమిషాలకోసారి "ఎంతసేపు పడుతుంది?" అంటాడు. పనిచేసేవాడు పని ఆపి జవాబు చెప్పాలి. అలా పావుగంట పని గంట పడుతుంది.

రాత్రిషిఫ్ట్

పాతకాపు గారికి వీరతాడు.

సుధ గారి మాటకి ఒక సవరణ. నడిపేవాడు కంపెనీలో పెద్ద హోదా ఉన్నవాడై ఉండక్కర్లేదు. అసలు కాకుంటేనే మంచిది. నడిపేవాడు కీబోర్డు ముట్టుకోకూడదు. వాడి పని వినడం, అడగడం, ఎవరు ఏం చేస్తున్నారో గుర్తుపెట్టుకోవడం, "నువ్వు ఆగు, ముందు ఆయన్ని ముగించనీ" అనడం. అంతే. ఆ గంటలో ఎండీ మాట కన్నా వాడి మాటే చెల్లుతుందని ఎండీ ముందే, నోటితో, అందరి ముందూ చెప్పాలి. కాగితం మీద రాసుకుంటే సరిపోదు.

మెట్లకింద_సర్వర్

మా దగ్గర డేటాబేస్ పూర్తిగా తెలిసింది సీటీఓ ఒక్కరికే. ఆయనే నడపాలి కదా మరి?

సుధ_ఆపరేషన్స్

అందుకే ఆయన నడపకూడదు. ఆయన తల డేటాబేస్‌లో దూరి ఉంటుంది, సపోర్ట్‌కి ఏం చెప్పాలో ఎవరు చూస్తారు? ఆ శనివారం జరిగింది అదే.

ఇంకోటి, "ఒక్కరికే తెలుసు" అని మామూలుగా రాసేశారు. మీ టెంప్లేట్‌లో భూకంపం పేజీ తీసేసి ఆ స్థానంలో ఆ వాక్యం పెట్టండి.

బ్యాకప్_బాబు

బ్యాకప్ ఎక్కిస్తున్నాడు అన్నావు చూడు, అక్కడ నా గుండె ఆగింది. ఎక్కిందా?

మెట్లకింద_సర్వర్

ఎక్కలేదు. రీస్టార్ట్‌తోనే లేచింది. బ్యాకప్ సగంలో ఆపేశాం, అదృష్టం.

బ్యాకప్_బాబు

ఎవరైనా ఎప్పుడైనా దాన్ని పూర్తిగా ఎక్కించి చూశారా మరి? చూడకపోతే మీ దగ్గర ఉన్నది బ్యాకప్ కాదు, ఒక ఫైలు.

గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) వాళ్ల కథ అందరూ చదవాలి, వాళ్లే దాచకుండా రాసుకున్నారు. 2017 జనవరి 31 రాత్రి, ఇక ఇవాళ్టికి చాలు అనుకుంటున్న వేళ ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా ఫోల్డర్ తుడిచేశాడు. అది అసలుది. చూసుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికితే, రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పాల్సిన ఈమెయిల్స్ కూడా ఎవరికీ చేరడం లేదు. చివరికి కాపాడింది ఏంటంటే, అదే ఇంజనీరు అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న ఒక కాపీ. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

దాని మీద వాళ్లు రాసిన రిపోర్టులో ఆ ఇంజనీరు పేరు లేదు. ఉద్యోగం పోలేదు. పని జరుగుతుండగా యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, జనం చూస్తూ కూర్చున్నారు.

లెక్కలమాస్టారు

మా బాస్ అయితే లైవ్ పెట్టేది ఆ ఇంజనీరుని తిట్టడం.

ఎర్రబటన్

అందరూ వాట్సాప్ గ్రూపు, కాల్ అంటున్నారు. ఆ రోజు అవి ఉంటాయని గ్యారంటీ ఏంటి?

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు పడిపోయింది, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్ మొత్తాన్నీ తెంపేసింది. అసలు తమాషా ఏంటంటే, దాన్ని బాగుచేయడానికి వాడే సొంత టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద నడుస్తాయి. మనుషులు డేటా సెంటర్లకి వెళ్లాల్సి వచ్చింది, అక్కడ భద్రత గట్టిగా ఉండేసరికి లోపలికి వెళ్లి పని మొదలుపెట్టడానికే టైం పట్టింది.

మీ స్టేటస్ పేజీ, అదే, సర్వీసు నడుస్తోందో లేదో కస్టమర్లకి చూపించేది, ఎక్కడుంది? మీ సర్వర్ మీదే ఉంటే దాన్ని ఈ వారమే మార్చండి. పాస్‌వర్డ్‌లు ఉన్న చోటికి వెళ్లాలంటే ఏ లాగిన్ కావాలి? ఆ లాగిన్ పడిపోతే? ఫోన్ నంబర్లు కాగితం మీద ప్రింట్ తీసి ముగ్గురు నలుగురి ఇళ్లలో ఉంచండి. కాగితం అంటే నవ్వుతారు. నార్స్క్ హైడ్రో అని నార్వే అల్యూమినియం కంపెనీ, అప్పటికి 40 దేశాల్లో 35,000 మంది. 2019 మార్చిలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే పొద్దున్నే ఆఫీసుల తలుపులకి కాగితాలు అంటించారు, "కంప్యూటర్లు నెట్‌వర్క్‌కి తగిలించకండి" అని. ఇంకెలా చెబుతారు, మెయిల్ లేదు కదా.

కొత్తగా_వచ్చా

డబ్బు కట్టారా వాళ్లు?

ఎర్రబటన్

కట్టలేదు. బ్యాకప్‌ల నుంచి కట్టుకుంటూ వచ్చారు, ప్లాంట్లలో చాలా పని చేత్తో నడిపారు. చేత్తో ఎలా నడపాలో తెలిసిన పాతవాళ్లు ఉండబట్టి సాగింది. మీ షాపుల వాళ్లకి సాఫ్ట్‌వేర్ లేకుండా బిల్లు రాసే దారి ఏదైనా చెప్పారా ఎప్పుడైనా? ఆఫ్‌లైన్ మోడ్ లాంటిది?

మెట్లకింద_సర్వర్

ఆఫ్‌లైన్ మోడ్ ఉంది అన్నా. ఉందని సపోర్ట్‌కి తెలీదు. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

సుధ_ఆపరేషన్స్

"మీ ఇంటర్నెట్ చెక్ చేసుకోండి" బదులు "ఈ బటన్ నొక్కండి, బిల్లులు ఆగవు" అని ఉంటే ఆ సాయంత్రం సగం గొడవ ఉండేదే కాదు. ప్లాన్‌లో మొదటి పేజీ ఇదే.

దీపస్తంభం

ఇంతమంది ఇంత చెప్పారు, ఎవరూ ప్రాక్టీస్ గురించి చెప్పలేదు. ఎంత మంచి ప్లాన్ అయినా ఒకసారి జనం చేత ఆడించి చూడకపోతే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. మేం చేసేది చెబుతా, దీన్ని టేబుల్‌టాప్ అంటారు. సిస్టం ముట్టుకోం. ఒక గది, గంటన్నర టైం, ఆ రాత్రి నిజంగా ఫోన్ ఎత్తాల్సిన మనుషులు. మేనేజర్లు మాత్రమే వస్తే దండగ.

ఆట ఆడించేవాడి చేతిలో మడిచిన చీటీలు ఉంటాయి. మొదటిది చదువుతాడు: "సాయంత్రం 6:40. పది నిమిషాల్లో సపోర్ట్‌కి 35 కాల్స్. బిల్లు ప్రింట్ అవడం లేదు అంటున్నారు." అంతే, ఇంకేమీ చెప్పడు. సపోర్ట్ అమ్మాయిని అడుగుతాడు, ఇప్పుడు ఎవరికి చెబుతావు? "టీమ్ లీడ్‌కి." ఎలా? "ఫోన్ చేస్తా." సరే, చెయ్యి. నిజంగానే చేయిస్తాం. ఒక కంపెనీలో ఇలా లిస్టు చూసి చేస్తే అవతల ఎత్తింది ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి. "నన్ను ఇంకా లిస్టులో ఉంచారా, థాంక్స్ అండీ" అన్నాడు. గది మొత్తం నవ్వింది, కానీ ఆ నవ్వులోనే లిస్టు ఎవరి బాధ్యతో తేలిపోయింది.

రెండో చీటీ: "సీటీఓ విమానంలో ఉన్నారు. మూడు గంటలు దొరకరు." ఆయన గదిలోనే కూర్చుంటారు, నోరు మెదపకూడదు. చూడాలి ఆయన ముఖం. పాస్‌వర్డ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు, ఆయనకి తెలుసు, చెప్పడానికి లేదు. ఇద్దరు డెవలపర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ ఒక్క చీటీ వల్ల కలిగే ఉపయోగం ఏ ట్రైనింగ్ వల్లా కలగదు.

మూడోది: "ఒక కస్టమర్ తన డేటా లీకైందని సోషల్ మీడియాలో పెట్టాడు. నిజమో కాదో తెలీదు." దాంతో గది మొత్తం సర్వర్‌ని వదిలేసి దీని మీద పడుతుంది. అప్పుడు నడిపేవాడు ఏం చేస్తాడన్నదే పరీక్ష. ఒకరిని దానికి కేటాయించి మిగతావాళ్లని వెనక్కి తిప్పగలిగాడా, లేక తనూ కొట్టుకుపోయాడా?

ఒకరు పక్కన కూర్చుని టైం వేసి రాస్తూనే ఉండాలి. 6:52కి ఫలానా నిర్ణయం, తీసుకున్నది ఫలానావారు, ఇలా. చివరి ఇరవై నిమిషాలు ఆ కాగితం ముందు పెట్టుకుని ఎక్కడ ఆగిపోయామో చూస్తాం. ఆగిన ప్రతి చోటికీ ఒక పేరు, ఒక తేదీ.

లెక్కలమాస్టారు

చీటీలాట అన్నమాట. ఇది చేసినంత మాత్రాన నిజంగా వచ్చినప్పుడు పనికొస్తుందంటారా? ఏసీ గదిలో అందరూ వీరులే.

నిప్పుకోడి

@లెక్కలమాస్టారు నాది భవనాల భద్రత, కాబట్టి నా ఉదాహరణ కొంచెం వేరు. మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికా ఫైనాన్స్ కంపెనీలో సెక్యూరిటీ చూసే రిక్ రెస్కోర్లా అని ఉండేవాడు, ఆఫీసు న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్‌లో. 1993లో అక్కడ బాంబు పేలాక, ఇక అందరి చేతా మెట్ల మీదుగా దిగే డ్రిల్ చేయించడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి. డీల్ మాట్లాడుతున్నవాళ్ల చేత ఫోన్లు పెట్టించి మరీ దింపేవాడు. తిట్టుకునేవారు. 2001 సెప్టెంబర్ 11న పక్క టవర్‌ని విమానం ఢీకొట్టగానే, ఎవరి స్థానాల్లో వాళ్లు ఉండండి అని భవనంలో ప్రకటన వస్తున్నా, ఆయన తన వాళ్లని దింపేశాడు. ఆ కంపెనీ వాళ్లు దాదాపు 2,700 మంది, చాలా కొద్దిమంది తప్ప అందరూ బయటపడ్డారు. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని ఆయన మళ్లీ పైకి వెళ్లాడు, తిరిగి రాలేదు.

డ్రిల్ వల్ల ధైర్యం రాదు మాస్టారూ. మెట్లు ఎక్కడున్నాయో ఆలోచించాల్సిన పని తప్పుతుంది.

లెక్కలమాస్టారు

సరే, ఆ మాట ఒప్పుకుంటా.

కస్టమర్_వైపు

నేను సపోర్ట్ మేనేజర్‌ని. ఇక్కడ అందరూ లోపల ఏం జరగాలో చెబుతున్నారు. బయటికి వెళ్లే మొదటి మెసేజ్ ఎవరు రాస్తారు? మా దగ్గర అది ఆమోదం కోసం నలుగురి చేతులు మారి, బయటికి వచ్చేసరికి ఇలా ఉండేది: "కొన్ని సాంకేతిక కారణాల వల్ల మా సేవలకు అంతరాయం కలిగినది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

రాత్రిషిఫ్ట్

ప్లాట్‌ఫామ్ మీద నిలబడి రైలు కోసం చూస్తున్నట్టు అనిపించింది 😂

కస్టమర్_వైపు

కదా! ఇప్పుడు మేం ముందే రాసిపెట్టుకున్నది ఇది, ఖాళీలు నింపి పంపడమే: "సాయంత్రం ___ నుంచి బిల్లింగ్ పనిచేయడం లేదు. సమస్య మా వైపే, మీ ఇంటర్నెట్‌లో కాదు. అప్పటిదాకా బిల్లులు ఇలా వేసుకోవచ్చు: ___. కారణం ఇంకా వెతుకుతున్నాం. మళ్లీ ___ కి రాస్తాం, అప్పటికి బాగుపడకపోయినా రాస్తాం."

చివరి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం. ఎప్పుడు బాగవుతుందో మనకి తెలీదు, కానీ మళ్లీ ఎప్పుడు మాట్లాడతామో మన చేతిలో ఉంది. చెప్పిన టైంకి "ఇంకా అవలేదు" అని రాసినా సరే, కాల్స్ తగ్గుతాయి. చెప్పి రాయకపోతే రెట్టింపు అవుతాయి.

క్లాజ్_నంబర్_నాలుగు

లీగల్ నుంచి ఒక చిన్న ఆటంకం. "సమస్య మా వైపే" అని మొదటి పది నిమిషాల్లో రాసేయకండి. కారణం తెలియకముందే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపు నష్టపరిహారం అడిగితే ఆ మెసేజే స్క్రీన్‌షాట్ పెడతారు.

కస్టమర్_వైపు

అయితే షాపువాడు రౌటర్ పీకి పెట్టుకుంటూ కూర్చోవాలా అండీ? టైలెనాల్ అనే నొప్పి మందు సంగతి చూడండి, 1982లో విషం కలిసిందని తెలియగానే జాన్సన్ అండ్ జాన్సన్ 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. నిజాయితీగా ఉండబట్టే ఆ బ్రాండ్ బతికింది.

క్లాజ్_నంబర్_నాలుగు

ఆ ఉదాహరణ అందరూ చెబుతారు, సగమే చెబుతారు. అక్కడ విషం కలిపింది కంపెనీ కాదు. షాపుల్లో ఉన్న సీసాల్లో ఎవరో కలిపారు, చికాగో చుట్టుపక్కల ఏడుగురు చనిపోయారు. తప్పు తనది కానప్పుడు దాపరికం లేకుండా మాట్లాడటం కొంచెం తేలిక. సీసాలు తెప్పించడం గొప్ప నిర్ణయమే, కాదనను. కానీ తప్పు నిజంగా మనదే అయినప్పుడు ఏం మాట్లాడాలో అది నేర్పదు.

నేను మాట్లాడొద్దు అనడం లేదు. "సమస్య మా సిస్టంలో కనిపిస్తోంది, మీ కనెక్షన్ మార్చక్కర్లేదు" అనండి. మీకు కావలసింది దొరికింది, నాకు కావలసింది దొరికింది. ఆ వాక్యం ఇవాళ, తీరుబడిగా ఉన్నప్పుడు నాతో కూర్చుని రాసుకోండి. ఆ రాత్రి ఆమోదం కోసం నన్ను నిద్ర లేపకండి, నిద్రలో ఎవరు అడిగినా నేను "వద్దు" అనే అంటాను.

కస్టమర్_వైపు

"కనిపిస్తోంది" బాగుంది. తీసుకుంటున్నా.

పాతకాపు

ఇందాకటి నుంచి ఒకటి చెప్పాలని ఉంది. మీరంతా సంక్షోభం మొదలైందని తెలిసిన క్షణం నుంచి మాట్లాడుతున్నారు. అసలు నష్టం దానికి ముందే జరుగుతుంది, కింద తెలిసినది పైకి వెళ్లేలోపు.

2000 మార్చి 17న అమెరికాలో ఆల్బకర్కీ దగ్గర ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగు పడి చిన్న మంట. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ చిప్‌లు చేసే గదులు దుమ్ము చొరబడకుండా ఉండాలి, పొగా నీళ్లూ చేరి అవి పాడైపోయాయి. ఆ చిప్‌లు కొనే పెద్ద కస్టమర్లు ఇద్దరు, నోకియా, ఎరిక్సన్. ఇద్దరికీ "వారం ఆలస్యం కావచ్చు" అని ఒకే కబురు. నోకియాలో ఆ కబురు అందుకున్నవాళ్లు వెంటనే పైకి చెప్పారు. ఆ సరుకు మీద రోజూ కన్నేసి ఉంచారు. వారం కాదు నెలలు పడుతుందని తేలగానే ఫిలిప్స్ వేరే ఫ్యాక్టరీల మీదా, వేరే సరఫరాదారుల మీదా పడి దొరికినదంతా పట్టుకున్నారు. ఎరిక్సన్‌లో ఆ కబురు కిందే ఉండిపోయింది, ఫోన్ల విభాగం పెద్దకి వారాల తరవాత గానీ తెలీలేదు. అప్పటికి మార్కెట్‌లో ఏమీ మిగల్లేదు. 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని లెక్క. మర్నాడు 2001లో ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసుకున్నారు, కారణం ఇదొక్కటే కాదనుకోండి.

ఒకే మంట, ఒకే కబురు. తేడా ఎక్కడుంది? చెడ్డవార్త చెప్పినవాడి మీద అరిచే మేనేజర్ ఉన్న చోట వార్త ఆగిపోతుంది. మీ శనివారం కూడా, ఎవడో ఒకడు మధ్యాహ్నమే స్లోగా ఉందని గమనించి ఉంటాడు. అడిగి చూడండి.

రాత్రిషిఫ్ట్

2001లో కలిపేసుకుంటే "మర్నాడు" ఎందుకవుతుంది పాతకాపు గారూ, మరుసటి ఏడు.

పాతకాపు

నా వయసుకి అంతే, రోజులూ ఏళ్లూ ఒకటే. మరుసటి ఏడే.

మెట్లకింద_సర్వర్

పాతకాపు గారు చెప్పినట్టే అడిగి వచ్చాను. సపోర్ట్‌లో ఒక అబ్బాయి మధ్యాహ్నం మూడింటికే టికెట్ పెట్టాడు, "రిపోర్టులు తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది" అని. దాన్ని "తక్కువ ప్రాధాన్యం" కింద ఎవరో మూసేశారు. ఎవరో చెప్పను, ఈ సైట్ చదువుతాడు.

పాతకాపు

ఆ మూసినవాడిని తిట్టకండి. ఆ అబ్బాయికి అందరి ముందూ శభాష్ చెప్పండి, చాలు. రేపటి నుంచి పదిమంది చెబుతారు.

హెచ్‌ఆర్_నేను_కాదు

గ్రూపులోంచి మమ్మల్ని తీసేసే ముందు ఒక మాట. మీరెవరూ నిద్ర గురించి మాట్లాడలేదు. పైన గిట్‌ల్యాబ్ కథలో కూడా అది రాత్రి, మనిషి పని ముగిద్దామనుకుంటున్న వేళ. గొడవ రాత్రంతా సాగితే మొదటి నుంచి ఉన్నవాడే తెల్లారే దాకా ఉంటాడు, అదేదో వీరత్వం అన్నట్టు. ఆరేడు గంటలయ్యాక నడిపేవాడు మారాలి, ఎవరికి ఇవ్వాలో ముందే రాసి ఉండాలి. అప్పగించేటప్పుడు "నువ్వు నడుపుతున్నావు" అని ఒకరు, "నేను నడుపుతున్నాను" అని ఇంకొకరు నోటితో అనుకోవాలి. అలా కాకపోతే ఇద్దరూ నడుపుతారు, లేదా ఎవరూ నడపరు.

ఎర్రబటన్

హెచ్‌ఆర్‌ని గ్రూపులో ఉంచెయ్యండి.

మెట్లకింద_సర్వర్

సేల్స్ హెడ్ సంగతి? ఆయన్ని డ్రిల్‌కి పిలిస్తే గది ఆయనదే అవుతుంది.

సుధ_ఆపరేషన్స్

పిలవండి. పని ఇవ్వకపోతే తనే పని వెతుక్కుంటాడు, డెవలపర్‌కి ఫోన్ చేసింది అందుకే. పెద్ద కస్టమర్లతో మాట్లాడే బాధ్యత ఆయనదే అని రాసేయండి. ప్రతి అరగంటకీ నడిపేవాడి నుంచి ఆయనకి ఒక మెసేజ్, దాన్నే ఆయన వాళ్లకి చెప్పాలి, సొంత వాగ్దానాలు చేయకూడదు. ఎండీకీ అదే మెసేజ్. కాల్‌లోకి దూరాల్సిన అవసరం ఉండదు.

కొత్తగా_వచ్చా

డ్రిల్ ముందే చెప్పి చేయాలా, హఠాత్తుగా చేయాలా?

దీపస్తంభం

మొదటిసారి తప్పకుండా చెప్పి చేయండి. జనం ఓడిపోయామనుకుంటే రెండోసారి రారు. ఒకటి రెండు అయ్యాక టైం చెప్పకుండా చేయొచ్చు.

హఠాత్తుగా చేసినా చెప్పి చేసినా, డ్రిల్‌లో ఎవరు ఏ మెసేజ్ పంపినా మొదటి పదం "డ్రిల్" అని ఉండాలి, నిజం కస్టమర్ల లిస్టు దరిదాపుల్లో ఉండకూడదు. 2018 జనవరి 13న హవాయిలో డ్రిల్ జరుగుతుండగా నిజం క్షిపణి హెచ్చరిక జనం ఫోన్లన్నిటికీ వెళ్లిపోయింది. అది తప్పు అని ఫోన్లకి రెండో మెసేజ్ పంపడానికి 38 నిమిషాలు పట్టింది. తప్పుగా వెళ్లిన దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ముందే తయారు చేసుకోలేదు.

బ్యాకప్_బాబు

అంటే మెసేజ్‌కి కూడా బ్యాకప్ కావాలి.

కస్టమర్_వైపు

నవ్వులాటకి అన్నా అది నిజమే. "ఇందాక పంపిన మెసేజ్ పొరపాటు, అంతా పనిచేస్తోంది" అన్నది కూడా రాసిపెట్టుకున్నాం. మా డ్రిల్ మెసేజ్ ఒకసారి ఒక నిజం కస్టమర్‌కి వెళ్లింది.

లెక్కలమాస్టారు

ఏమన్నాడు?

కస్టమర్_వైపు

"నాకు బాగానే పనిచేస్తోందే, మీ ఇంటర్నెట్ చూసుకోండి" అన్నాడు.